బొంతలో కుట్టిన పేర్లు

షికాగో
1934 ఫిబ్రవరి 11

ఆర్జీలియా వదినకి,

బతికే ఉన్నాను, కంగారు పడకు. ఇక్కడి చలికి ముక్కు ఊడి చేతిలోకి వచ్చేలా ఉంది గాని మిగతా ఒళ్ళంతా క్షేమం. లాండ్రీలో వారానికి నాలుగు రోజులే పని ఇస్తున్నారు. మిగిలిన మూడు రోజులూ సంఘం పని మీద తిరుగుతున్నాను. ఈ ముక్క అన్నయ్యకి చదివి వినిపించకు. "ఇది ఊళ్ళు పట్టుకు తిరగడం మొదలెట్టిందా" అంటాడు.

అసలు సంగతికి వస్తాను. మా "ఇంటిదారి సంఘం" తరఫున వాషింగ్టన్‌కి ఒక అర్జీ పెడుతున్నాం. మన నల్లజనంలో ఆఫ్రికాకి తిరిగి వెళ్ళి, మన సొంత నేల మీద బతుకుతామనేవాళ్ళ పేర్లన్నీ పోగుచేసి, "మమ్మల్ని పంపండి" అని అడుగుతాం. సంఘం పెట్టింది ఆడమనిషి, మదర్ బ్లెడ్సో. ఇల్లిల్లూ తిరిగేదీ ఆడవాళ్ళమే. కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకునేది మాత్రం కార్యదర్శి బ్రదర్ టార్ప్లీ. మొన్న మీటింగులో ఆయన లేచి, "ఇంటికొక సంతకం చాలు. మగాడు పెడితే పెళ్ళాం, పిల్లలూ అతని పేరులోనే ఉన్నట్టు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి, "చచ్చి స్వర్గాన ఉన్న మా అమ్మని ఎనిమిదేళ్ళప్పుడు వేలంలో అమ్మారయ్యా. అప్పుడు ఎవరి పేరు కిందా కలిపి అమ్మలేదు, తన పేరు మీదే విడిగా అమ్మారు. ఆడదాని పేరు అమ్మడానికి పనికొచ్చి, అడగడానికి పనికిరాదా?" అన్నాను. హాలంతా గోల. చివరికి ఎవరి పేరు వాళ్ళదే అని తీర్మానం చేశారు. టార్ప్లీ ఇప్పటికీ నా వైపు చూడడు. "ఆడవాళ్ళు తెచ్చే కాగితాల్లో సగం కట్టుకథలే ఉంటాయి, చూస్తూ ఉండండి" అని మాత్రం అందరి దగ్గరా అంటున్నాడు.

అందుకే నీ సాయం కావాలి వదినా. గీతలు గీసిన కాగితాలు పంపుతున్నాను. సైప్రస్ బెండ్‌లో వెళ్ళాలని ఉన్న ప్రతి మనిషి పేరూ రాయించు. రాయడం రానివాళ్ళ చేత అడ్డంగా నిలువుగా గీత పెట్టించు. ఎవరినీ వదలకు. మే మొదటికల్లా నాకు అందాలి. ఎక్కువ పేర్లు తెచ్చినవాళ్ళే మదర్ బ్లెడ్సోతో కలిసి అర్జీ పట్టుకుని వాషింగ్టన్ వెళతారు. నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి ఒకటి గట్టిగా కావాలనిపిస్తోంది నాకు.

మీ అందరినీ తలుచుకుంటూ,
లువీనియా


సైప్రస్ బెండ్, మిసిసిపి
మార్చి 4

లువీనియా,

నీ ఉత్తరం అందింది. అందింది అంటే, నాకంటే ముందు దొర కొట్టులో టపా పంచే గుమాస్తాకి అందింది. కవరు విప్పి మళ్ళీ అంటించిన జిగురు ఇంకా తడిగానే ఉంది. అదృష్టం బాగుండి అతనికి ముద్రించిన అక్షరాలు తప్ప చేతిరాత చదవడం సరిగా రాదు. ఇకమీద చలి గురించీ కీళ్ళనొప్పుల గురించీ రాయి. నేనూ అంతే.

మీ అన్నయ్యకి చదివి వినిపించాను. లెమ్యూల్ హాస్క్యూ పదిహేనేళ్ళుగా ఏ మాటా ఒకసారి చెబితే వినలేదు, ఇది మాత్రం విన్నాడు. కంచె వేస్తున్నవాడు చేతిలో సుత్తి కింద పెట్టేశాడు. "వదిలిపోయే ఊళ్ళో కంచె ఎందుకే" అంటాడు. ఓడ ఎప్పుడు? పత్తి విత్తేలోపా, తీసేలోపా? కోళ్ళని ఎక్కనిస్తారా? నల్ల పెట్టని వదిలి రానంటున్నాడు.

నీకు చలి అన్నావు కదా. ఇక్కడి ఆడవాళ్ళమంతా కలిసి నీకో బొంత కుడుతున్నాం. నేను ఇల్లిల్లూ తిరిగి పీలికలు అడుగుతున్నాను. గుర్రమెక్కి పొలాల మీద తిరిగే దొర గారి మేస్త్రీ ఆపి "సంచిలో ఏంటే" అన్నాడు. "పాత గుడ్డలు దొరా" అన్నాను. అందరూ ఇస్తున్నారు లువీనియా, కాదన్నవాళ్ళే లేరు. ఎవరినీ వదలొద్దన్నావు కనక వదలను. నీకు అర్థమైందనుకుంటాను.

చర్చిలో నీ పేరు ఇంకా ఉంది. నిరుడు జూన్‌లో పేర్ల ఆదివారం నాడు పాస్టరు గారు పట్టిక మొత్తం చదివారు. అత్తయ్య పేరు పిలిచినప్పుడు ఎప్పటిలాగే నేను లేచి "ఉన్నాను" అని పలికాను. పోయినవాళ్ళ తరఫున వాళ్ళ మనుషులు పలకాలి కదా, కూతురివి నువ్వు అంత దూరాన కూర్చుంటే కోడల్ని నేను పలకక తప్పుతుందా? నీ పేరు కూడా చదివారు. ఉత్తరాదికి పోయినవాళ్ళ పేర్లకి మాత్రం ఎవరూ పలకరు, ఆయన ఆగరు కూడా. బతికున్న మనిషి తరఫున పలికితే ఆయుష్షు తగ్గుతుందని భయం.

ఒంటికి నూనె రాసుకో. దగ్గు వస్తే అశ్రద్ధ చెయ్యకు.

ఆర్జీలియా


షికాగో
ఏప్రిల్ 22

వదినా,

బొంత వచ్చి మూడు వారాలైంది. బరువుగా, వెచ్చగా ఉంది. రోజూ అదే కప్పుకుంటున్నాను. చాలా సంతోషం. కాని కాగితాలు ఏవి? నేనడిగింది బొంతా?

నా మీద కోపంగా ఉంటే సూటిగా చెప్పు. నువ్వు "అందరూ ఇస్తున్నారు" అని రాస్తే పేర్లనుకున్నాను. పీలికలేనని ఇప్పుడిప్పుడే నమ్ముతున్నాను. టార్ప్లీ నిన్న అందరి ముందూ "సిస్టర్ హాస్క్యూ, మీ మిసిసిపి సైన్యం ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు. ఏం చెప్పను? మా వదిన నాకు దుప్పటి పంపిందని చెప్పనా?

అన్నయ్యకి చెప్పు, ఓడ లేదు. ఇది అడగడం మాత్రమే. అడిగితే ఇస్తారో లేదో ఎవరికీ తెలియదు. కంచె వేసుకోమను. పత్తి విత్తుకోమను. కోళ్ళ సంగతి నన్ను అడగొద్దు.

ఇంకా ఎనిమిది రోజులుంది. ఒక్క కాగితమైనా పంపు.

లువీనియా


సైప్రస్ బెండ్
ఏప్రిల్ 29

లువీనియా హాస్క్యూ,

షికాగో నీళ్ళు నీ బుర్రని పలచన చేశాయి.

నీ తల్లి గళ్ళ గౌను పీలిక బొంతలో ఎక్కడుందో చూడు. దాని అంచు ఏ రంగు దారంతో కుట్టామో చూడు. మిగతా బొంతంతా తెల్లదారమే. ఆ ఒక్కచోటే ఎర్రదారం ఎందుకుందో, కుట్టుపని తెలిసిన తల్లికి పుట్టినదానివి, ఆలోచించు. కత్తెర తీసుకో.

కీళ్ళనొప్పులు అలాగే ఉన్నాయి.

ఆర్జీలియా


షికాగో
మే 9

వదినా, నా బంగారు వదినా,

ఈ ఉత్తరం మెంఫిస్‌లో ఉన్న పాస్టరు గారి చెల్లెలికి పంపుతున్నాను. ఆమె తెచ్చి నీ చేతికే ఇస్తుంది. నువ్వూ అలాగే పంపు. ఇక కీళ్ళనొప్పులు అక్కర్లేదు.

కత్తెర వేశాను. కాగితాలు మడతలు మడతలుగా బయటికొచ్చాయి. నూట నలభై మూడు పేర్లు! నెల రోజులు వాటినే కప్పుకుని, నిన్ను తిట్టుకుంటూ పడుకున్నాను. నన్ను క్షమించు. లెక్కపెట్టాను, గంతేశాను, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా హాలుకి పరిగెత్తాను. గడువు రెండు రోజులు దాటినా మదర్ బ్లెడ్సో తీసుకుంది. ఈ ఇల్లినాయి రాష్ట్రం మొత్తంలో ఎవరూ అన్ని తేలేదు. టార్ప్లీ మొహం చూడాల్సింది. పద్ధతి ప్రకారం నన్ను చెయ్యెత్తి ప్రమాణం చెయ్యమన్నారు. ఈ పేర్లన్నీ నిజమైనవని, బతికున్న మనుషులవని. చెయ్యెత్తాను. ప్రమాణం చేశాను. వాషింగ్టన్‌కి వెళ్ళేది నేనే అని మదర్ బ్లెడ్సో నా భుజం తట్టింది.

శుభ్రంగా నకలు రాద్దామని కాగితాలు ఇంటికి తెచ్చుకుని, అప్పుడు చదివాను.

పద్దెనిమిదో పేరు హెస్టర్ హాస్క్యూ. వదినా, మా అమ్మ పోయి పంతొమ్మిదేళ్ళయింది.

కింద అంకుల్ రూబెన్ ఉన్నాడు. నేను ఉత్తరాదికి వచ్చేముందు ఆయన్ని పూడ్చిపెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఇంకా ఎంతమంది? నేను వచ్చి పదిహేనేళ్ళయింది, ఎవరున్నారో ఎవరు లేరో నాకేం తెలుసు? ఏం చేశావు నువ్వు? ఎందుకు చేశావు? ఆడవాళ్ళ కాగితాలన్నీ కట్టుకథలని టార్ప్లీ ఎదురు చూస్తున్నది ఇలాంటిదాని కోసమే. ఇది బయటపడితే నా ఒక్కదాని కాగితాలు కాదు, ఆడవాళ్ళ కాగితాలన్నీ చింపేస్తారు. మళ్ళీ ఇంటికొక మగాడి సంతకం దగ్గరికే వస్తాం.

మే 27న హాల్లో పేర్లన్నీ పైకి చదువుతారు. ఆలోపు చనిపోయినవాళ్ళెవరో గుర్తు పెట్టి పంపు, కొట్టేస్తాను.

ఇంకొకటి. నూట నలభై మూడు సార్లు చూశాను. అన్నయ్య పేరుంది. నీ పేరు లేదు. ఎందుకు?

లువీనియా


సైప్రస్ బెండ్
మే 16

లువీనియా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏం తప్పు చేశానో ఇప్పటికీ నాకు తెలియడం లేదు.

వెళ్ళాలని ఉన్న ప్రతి మనిషీ అన్నావు. ఎవరినీ వదలొద్దన్నావు. ఈ ఊళ్ళో వెళ్ళాలని అత్తయ్య కంటే ఎక్కువ అనుకున్నదెవరు? వాళ్ళమ్మ చెప్పిన ఆఫ్రికా నది పేరు పలుకుతూనే కదా ఆమె కన్నుమూసింది. నేను చర్చి పట్టిక దగ్గర పెట్టుకునే తిరిగాను. పేరు పేరునా అడిగాను. పోయినవాళ్ళ పేరు వచ్చినప్పుడు, పేర్ల ఆదివారం నాడు వాళ్ళ తరఫున ఎవరు పలుకుతారో వాళ్ళ చేతనే గీత పెట్టించాను. ఒక్కటీ నా సొంతంగా పెట్టలేదు, అత్తయ్యది తప్ప. చర్చిలో చెల్లే మాట వాషింగ్టన్‌లో ఎందుకు చెల్లదో నువ్వు నాకు చెప్పలేదు.

ఇప్పుడు చచ్చినవాళ్ళెవరో చెప్పమంటున్నావు. సిస్టర్ పింకీ సంగతి చెబుతాను విను. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ఆమె ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ముగ్గురు అన్నల్ని టెక్సాస్ వైపు అమ్మేశారు. సైమన్, ఎసా, కేలబ్. ఆ ముగ్గురి పేర్లూ రాయించి, మూడు గీతలు పెట్టింది. నేను చెయ్యి పట్టుకోబోతే తోసేసింది. "పింకీ అక్కా, వాళ్ళు ఉన్నట్టా లేనట్టా?" అని అడిగాను. "డెబ్బై ఏడేళ్ళుగా ఆ మాట నేనే అడుగుతున్నానే పిల్లా" అంది. వాళ్ళని ఏ వైపు పెట్టమంటావు? నేను ఎవరినీ కొట్టెయ్యను. కావాలంటే నువ్వే కొట్టేసుకో. మీ అమ్మతో మొదలుపెట్టు.

మీ అన్నయ్య కంచె వెయ్యలేదు. ఓడ లేదని చెప్పాను. "గుమాస్తా చదువుతాడని భయపడి అలా రాసింది" అంటున్నాడు. ఇక నేనేం చెప్పను?

నా పేరు సంగతి. సిరా అయిపోయింది.

ఆర్జీలియా


షికాగో
మే 30

వదినా,

గెలిచానో ఓడానో తెలియక మూడు రోజులుగా గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నీకేమైనా అర్థమైతే నాకు చెప్పు.

ఆదివారం పొద్దున్న పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. అమ్మ పేరు దగ్గర మొన పెట్టాను. గీత గియ్యలేకపోయాను. సరే, నోరు మూసుకుంటే సరి అనుకున్నాను. టార్ప్లీది జార్జియా, మన ఊరివాళ్ళెవరూ ఆయనకి తెలియదు. పేర్లు చదువుతాడు, రాసుకునేవాళ్ళు రాసుకుంటారు, అంతే కదా. కళ్ళు దించుకుని కూర్చుంటే ఎవరికీ తెలియకుండా వాషింగ్టన్ వెళ్ళి వచ్చేస్తాను. ఈ మాట నీకు రాయడానికి సిగ్గుగా ఉంది. కాని అలాగే అనుకున్నాను.

మన సైప్రస్ బెండ్ పేర్లు మొదలయ్యాయి. పదిహేడు దాకా వచ్చాయి. "హెస్టర్ హాస్క్యూ" అన్నాడు. అని, కాగితం మీద మరక ఉందేమో, కొంచెం ఆగాడు. ఆ ఆగడమే నా కొంప ముంచింది. పేర్ల ఆదివారం నాడు పాస్టరు గారు ఆగినట్టే ఉంది వదినా. నేను పలకకపోతే మా అమ్మని పిలిచాక జవాబు లేకపోవడం అదే మొదటిసారి అవుతుంది. నా కాళ్ళు లేచాయి. "ఉన్నాను" అన్నాను.

టార్ప్లీ కళ్ళద్దాల మీంచి చూశాడు. "మీ పేరు లువీనియా కదా?"

"హెస్టర్ మా అమ్మ."

"ఆవిడ ఎక్కడున్నారు?"

"న్యూ గిలియడ్ చర్చి వెనక, తూర్పు మూల."

హాలంతా కలకలం. ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్పానా? చచ్చినవాళ్ళ చేత సంతకాలు! చెయ్యెత్తి ప్రమాణం కూడా చేసింది!" అని కాగితాలు గాల్లో ఊపాడు. ఇంకెన్ని ఉన్నాయో బయటపెడతానని, గొంతు పెంచి మిగతావి చదవడం మొదలుపెట్టాడు. అదే ఆయన చేసిన పొరపాటు. "రూబెన్ టాలీ" అనగానే వెనక వరసలోంచి ఎవరో ముసలామె "ఉన్నాను" అంది. ఎవరో నాకు తెలియదు, రూబెన్ మేనకోడలట. తర్వాత ఇంకొకామె. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకేం తెలుసు? మనవాళ్ళు కానివాళ్ళు కూడా, పోయినవాళ్ళ పేరు ఒంటరిగా మిగిలిపోకూడదని కాబోలు, లేచి పలికారు. కొందరు నవ్వుతున్నారు, కొందరు ఏడుస్తున్నారు. టార్ప్లీ ఒక్కొక్క పేరూ చదువుతున్నాడు, ఆపడం ఎలాగో ఆయనకి తెలియలేదు.

పింకీ అక్క అన్నలు ఉన్నారో పోయారో మాత్రం ఎవరికీ తెలియక, అక్కడ ఎవరూ పలకలేదు. అప్పుడు మదర్ బ్లెడ్సో లేచి నన్ను అడిగింది. నువ్వు రాసిందే చెప్పాను. ఆమె టార్ప్లీ వైపు తిరిగి, "ఆ ముగ్గురూ చచ్చిపోయారని నువ్వు రుజువు చెయ్యగలవా బ్రదర్?" అంది. ఆయన లేదన్నాడు. "అయితే వాళ్ళు బతికున్నవాళ్ళ కాగితంలోనే ఉంటారు" అంది.

మిగతావాళ్ళలో ఎవరున్నారో ఎవరు పోయారో మన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే చెప్పి తేల్చారు. కాబట్టి ఇదీ లెక్క. బతికున్నవాళ్ళు ఎనభై రెండు, అమ్ముడుపోయిన అన్నలు ముగ్గురు, మొత్తం ఎనభై అయిదు పేర్లు వాషింగ్టన్ వెళుతున్నాయి. ఎవరి పేరు వాళ్ళదే అన్న తీర్మానం అలాగే ఉంది. ఆ ఆడవాళ్ళ గొంతులు విన్నాక దాని జోలికి వెళ్ళే ధైర్యం టార్ప్లీకి లేకపోయింది. తప్పుడు ప్రమాణం చేశాను కనక నా ప్రయాణం మాత్రం రద్దు. మదర్ బ్లెడ్సో చెయ్యి పట్టుకునే చెప్పింది, కాని కచ్చితంగానే చెప్పింది. న్యాయమే. ఇంటికొచ్చి గట్టిగా ఏడ్చాను.

మిగిలిన యాభై ఎనిమిది పేర్లూ పారేస్తామన్నారు. నేను అడిగి తెచ్చుకున్నాను. ఎర్రదారంతో మళ్ళీ బొంతలో కుట్టేశాను.

ఇక నీ సంగతి. సిరా అయిపోలేదు. అన్నయ్య పేరు రాశాక నీ సిరా ఇంకా అరవై పేర్లు రాసింది. అన్నయ్యతో పోట్లాడావా? లేక నన్నూ, ఆడవాళ్ళు చేసే ఈ పనినీ నువ్వు కూడా నమ్మలేదా? అదే అయితే చెప్పు. టార్ప్లీ అన్న మాటల కంటే అదే నన్ను ఎక్కువ తింటోంది.

లువీనియా


సైప్రస్ బెండ్
జూన్ 18

నా లువీనియా,

నన్ను రెండుసార్లు అడిగావు. రెండోసారి అడిగిన తీరు చూసి, ఇక దాచడం పాపమనిపించింది.

పద్నాలుగేళ్ళ కింద రెండేళ్ళపాటు నీకు ఉత్తరం రాయలేదు. గుర్తుందా? నేను అలిగాననుకుని నువ్వు నాకొక టోపీ పంపావు. అలగలేదమ్మా. ఆ రెండేళ్ళలో ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. పేరు పెట్టేలోపే పోయారు. పేరు లేదు కనక పట్టికలో లేరు. పట్టికలో లేరు కనక పేర్ల ఆదివారం నాడు ఎవరూ పిలవరు. నీ కాగితంలోనూ రాయలేకపోయాను, ఏమని రాయను? వాళ్ళెక్కడున్నారో నాకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. మీ అన్నయ్యకి కూడా ఆ చోటు సరిగా తెలియదు. నేను వెళ్ళిపోతే వాళ్ళు మొత్తానికే లేనట్టు. అందుకని నేను రాను. ఓడ వచ్చినా రాను, ఓడ మా గుమ్మం ముందు ఆగినా రాను.

నిన్ను నమ్మలేదా అని అడిగావు. పిచ్చిదానా. టార్ప్లీ చెప్పిన పద్ధతే నెగ్గి ఉంటే, మీ అన్నయ్య సంతకంతో నేనూ వెళ్ళిపోయినట్టే అయ్యేది. నన్ను అడిగేవాళ్ళే ఉండరు. ఎవరి పేరు వాళ్ళదని నువ్వు పోట్లాడావు కనక నా పేరు నా చేతిలో మిగిలింది. ఆ కాగితంలో నా పేరు లేకపోవడం కూడా నువ్వు సంపాదించి పెట్టిందే. మీ అన్నయ్యకి మొన్న ఇదంతా చెప్పాను. వింటూనే బయటికెళ్ళి కంచె దగ్గర సుత్తి చప్పుడు చేశాడు. వెయ్యడమో విప్పడమో నేను చూడలేదు.

నిన్న పేర్ల ఆదివారం. అత్తయ్య పేరు పిలిస్తే పలికాను. తర్వాత పాస్టరు గారు ఉత్తరాదికి పోయినవాళ్ళ పేర్లు ఎప్పటిలాగే గబగబా చదువుకుపోతున్నారు. "లువీనియా హాస్క్యూ" అన్నారు, ఆగకుండా తర్వాతి పేరుకి వెళ్ళిపోయారు. నాకేమైందో తెలియదు. లేచి నిలబడి "ఆగండి" అన్నాను. చర్చిలో అందరూ తిరిగి చూశారు. లేచాను గాని ఏం చెప్పాలో తెలియలేదు. "ఉన్నాను" అంటే నిన్ను చచ్చినవాళ్ళలో కలిపినట్టు. ఏమీ అనకపోతే, నిండు హాల్లో మీ అమ్మ కోసం లేచినదానివి, ఇక్కడ నీ కోసం లేచే మనిషి లేకుండా పోతుంది. పాస్టరు గారు కళ్ళద్దాలు తీసి, "చెప్పు సిస్టర్, ఆమె తరఫున ఏమంటావు?" అన్నారు.

"పనిలో ఉంది" అన్నాను.

అలాంటి జవాబు ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆయన పెన్సిలు తీసి, నీ పేరు పక్కన ఆ మాటే రాసుకున్నారు.

నీ వదిన,
ఆర్జీలియా